"బాధ్యతగా సేకరించిన" బ్యాటరీ: ఆ మాటను ఎలా పరీక్షించాలి? | రివ్యూ

నమస్కారం అండి. ఎలక్ట్రిక్ కారు రివ్యూ అనగానే రేంజ్, చార్జింగ్, పికప్ చూస్తాం. ఈ వీడియోలో బ్యాటరీలోని సరుకు ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. కంపెనీల నివేదికల్లో "ముడిసరుకు బాధ్యతగా సేకరించాం" అని ఓ వాక్యం ఉంటుంది కదా, దాన్నే విప్పి చూద్దాం.

ముందు తూకం. 60 కిలోవాట్ అవర్ ఎన్‌ఎంసీ 622 ప్యాక్‌లో (నికెల్, మాంగనీస్, కోబాల్ట్ 6:2:2 పాళ్లలో ఉండే రకం) సుమారు 36 కిలోల నికెల్, 11 కిలోల కోబాల్ట్, 7 కిలోల లిథియం ఉంటాయి. అదే 8:1:1 పాళ్ల 811 అయితే కోబాల్ట్ దాదాపు సగానికి తగ్గి, నికెల్ పెరుగుతుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకమైన ఎల్‌ఎఫ్‌పీలో ఆ రెండూ ఉండవు. గ్రాఫైట్ మాత్రం అన్నిట్లోనూ యాభై అరవై కిలోలు పడుతుంది. కృత్రిమ గ్రాఫైట్ తయారీకి కొలిమి దాదాపు 3000 డిగ్రీలు అందుకోవాలి. ఆ కరెంటు బొగ్గుదా, జలవిద్యుత్తా అని అడిగేవాళ్లు చాలా తక్కువ. అడగాలండి.

ఇక కోబాల్ట్. ప్రపంచ ఉత్పత్తిలో దాదాపు 70 శాతం కాంగోదే. అక్కడి కొల్వేజీ నగరం చుట్టుపక్కల చేతితో తవ్విన ఖనిజపు రాయి సంచుల్లో కొనుగోలు డిపోలకు వస్తుంది. అక్కడ సంచి తూచి, చేతిలో పట్టుకునే మీటరుతో కోబాల్ట్ శాతం చూసి, అక్కడికక్కడే డబ్బులిస్తారు. తర్వాత నాలుగైదు గుంతల రాయి ఒకే కుప్పలో పడుతుంది. రిఫైనరీలో సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో కరిగాక ఏ రాయి ఎవరు తవ్వారో ఏ ల్యాబూ చెప్పలేదు. అందుకే సంచికి ట్యాగ్ పడాల్సింది గుంత దగ్గరే. డిపోలో వేసిన ట్యాగ్‌కు నా లెక్కలో విలువ లేదు.

నివేదికలో "మాస్ బ్యాలెన్స్" అనే మాట కనిపిస్తే ఆగి చదవండి. రిఫైనరీకి వచ్చిన 100 టన్నుల్లో 30 టన్నులు ఆడిట్ అయిన గనివైతే, 30 టన్నుల సరుకును ఆ పేరుతో అమ్ముకోవచ్చు. మీ ప్యాక్‌లోకి వచ్చింది ఆ గని లోహమేనని దానర్థం కాదు. విడిగా నిల్వచేసి, విడిగా శుద్ధి చేశామని రాస్తే అది గట్టి మాట. అలాగే గనులు బాధ్యతగా నడుస్తున్నాయా అని ఆడిట్ చేయించే ఐఆర్‌ఎంఏ అనే సంస్థలో సభ్యులమని చెప్పుకోవడం వేరు, ఫలానా గని ఐఆర్‌ఎంఏ ఆడిట్‌లో 50, 75 లేదా 100 స్థాయి అందుకోవడం వేరు. ఆ ఆడిట్ రిపోర్టులు అందరికీ అందుబాటులో ఉంటాయి. బ్యాడ్జి చూసి సరిపెట్టుకోకుండా నీళ్లు, వ్యర్థాల అధ్యాయాలు తెరవండి.

నికెల్ విషయంలో వ్యర్థాలే అసలు సమస్య. ఇండోనేషియాలో లాటరైట్ అనే ఎర్రటి ఖనిజపు మట్టిలో నికెల్ ఒక శాతం చుట్టూ ఉంటుంది. అంటే టన్ను లోహానికి వంద టన్నుల దాకా మట్టి. దాన్ని ప్రెషర్ ట్యాంకుల్లో సుమారు 250 డిగ్రీల వద్ద యాసిడ్‌తో ఉడికిస్తారు. మిగిలే బురదను కుప్పపోస్తే, భారీ వానలకూ భూకంపాలకూ ఆ కుప్ప జారే ప్రమాదం ఉంటుంది. కోబాల్ట్ వద్దని నికెల్ పెంచుకున్న ప్యాక్‌ను "గ్రీన్" అని అమ్మేటప్పుడు ఈ బురద ఎక్కడికి పోతోందో కంపెనీ రాసి తీరాలి.

రీసైకిల్ శాతంలోనూ ఓ మెలిక ఉంది. యూరోపియన్ యూనియన్ చట్టం ప్రకారం 2031 ఆగస్టు 18 నుంచి కోబాల్ట్‌లో 16, లిథియంలో 6, నికెల్‌లో 6 శాతం రీసైకిల్ సరుకు ఉండాలి. ఫ్యాక్టరీ తయారీలో మిగిలిన తుక్కు కూడా ఈ లెక్కలోకి వస్తుంది. పాత బ్యాటరీల నుంచి తీసింది ఎంత, తయారీ తుక్కు ఎంత అని రెండు అంకెలు విడిగా ఇచ్చిన కంపెనీకే నేను మార్కులు వేస్తాను. ఎల్‌ఎఫ్‌పీ పాత ప్యాక్‌లో నికెల్, కోబాల్ట్ లేవు కాబట్టి రీసైక్లర్‌కు గిట్టుబాటు తక్కువ. ఆ ప్యాక్‌ను చివర్లో ఎవరు తీసుకుంటారో కొనేముందే రాతపూర్వకంగా అడగండి.

అదే చట్టం ప్రకారం 2027 ఫిబ్రవరి 18 నుంచి అక్కడ అమ్మే ఈవీ బ్యాటరీలకు డిజిటల్ పాస్‌పోర్ట్, అంటే క్యూఆర్ కోడ్‌తో తెరుచుకునే బ్యాటరీ వివరాల రికార్డు ఉండాలి. క్యూఆర్ కోడ్ స్కాన్ చేయగానే కార్బన్ ఉద్గారాల అంకె దగ్గరే ఆగిపోకండి. సేకరణ నివేదిక తెరిచి రిఫైనరీల పేర్లు వెతకండి. దేశం పేరు మాత్రమే ఉండి రిఫైనరీ పేరు లేకపోతే, ఆ పేరు చెప్పమని కంపెనీకి మెయిల్ పెట్టండి.