ప్రోటీన్ సీ జీన్: ఎక్సాన్ ఫేజ్‌లు చూసి చుట్టరికం పట్టడం

నమస్తే అండీ. ఈరోజు ప్రోటీన్ సీ జీన్. రక్తం గడ్డకట్టడం మొదలయ్యాక దానికి కళ్లెం వేసేవాటిలో ఇదొకటి. యాక్టివ్ అయిన ఐదో ఫ్యాక్టర్‌నీ ఎనిమిదో ఫ్యాక్టర్‌నీ (రెండూ గడ్డకట్టించే ప్రోటీన్లే) కోసి పడేస్తుంది. జీన్ పేరు పీఆర్ఓసీ, మనం ప్రోక్ అందాం. రెండో క్రోమోజోమ్ మీద సుమారు 11 వేల బేస్‌లు, అంటే డీఎన్ఏ అక్షరాలు. ఎచ్చెర్లలోనో విజయనగరంలోనో బయోటెక్నాలజీ చదువుతూ ఫోన్‌లో చూస్తున్నవాళ్లు బ్రౌజర్లో డెస్క్‌టాప్ సైట్ పెట్టుకోండి, లేకపోతే టేబుల్ సగమే కనబడుతుంది.

ఎన్సెంబుల్, అదే జీన్ల వివరాలుండే వెబ్‌సైట్, తెరిచాను. హ్యూమన్, ప్రోక్, ఎంటర్. ట్రాన్‌స్క్రిప్టులు, అంటే ఈ జీన్ నుంచి తయారయ్యే ఆర్ఎన్ఏ రకాలు, చాలా వస్తాయి, ఏదో ఒకటి నొక్కేయకండి, మేన్ సెలెక్ట్ (ప్రామాణికంగా ఎంచింది) అని ఉన్నదే. ఎడమ పక్కన ఎక్సాన్స్. వచ్చేసింది.

తొమ్మిది ఎక్సాన్లు. ఎక్సాన్ అంటే చివరి ఆర్ఎన్ఏలో మిగిలే ముక్క, వాటి మధ్య కత్తిరించి పారేసేది ఇంట్రాన్. మొదటిదాంట్లో ప్రోటీన్ కోడ్ లేదు. రెండోదాంట్లో సిగ్నల్ పెప్టైడ్, ప్రోటీన్‌ని కణం బయటికి పంపే చీటీ, మొదలు. మూడు, గ్లా భాగం, విటమిన్ కె కావాల్సింది ఇక్కడే. నాలుగు చూడండి, 25 బేస్‌లే! ఐదు, ఆరు ఈజీఎఫ్ ముక్కలు, చాలా ప్రోటీన్లలో కనబడే చిన్న అచ్చు. ఏడులో యాక్టివేషన్ పెప్టైడ్, ప్రోటీన్ యాక్టివ్ అయ్యేటప్పుడు తెగిపోయే ముక్క. ఎనిమిది, తొమ్మిది కోసే కత్తి, సెరీన్ ప్రోటియేజ్.

పోల్చడానికి ఇంకో ట్యాబ్‌లో ఎఫ్9, గడ్డకట్టించే తొమ్మిదో ఫ్యాక్టర్ జీన్. ఎక్స్ క్రోమోజోమ్, ఎనిమిది ఎక్సాన్లు, 33 వేల బేస్‌లు. ప్రోక్‌లో ఆ ఖాళీ ఎక్సాన్ ఉంది కదా, అందుకని నంబరు ఒకటి జరుగుతుంది: ప్రోక్ నాలుగుకి జోడీ ఎఫ్9 మూడు. ఇదీ 25 బేస్‌లే. చూశారా?

ఇప్పుడు ఫేజ్. మూడక్షరాల కోడాన్‌ని ఇంట్రాన్ ఎక్కడ విడగొట్టిందీ అని. కోడాన్‌కీ కోడాన్‌కీ మధ్యనైతే 0, ఒక అక్షరం తర్వాతైతే 1, రెండు తర్వాతైతే 2. ఈజీఎఫ్ ఎక్సాన్‌కి రెండు చివర్లా 1. పలాస ప్యాసింజర్ బోగీ అనుకోండి, రెండు పక్కలా ఒకే కప్లింగ్. మధ్యలో ఇంకో బోగీ తగిలించినా బండి పట్టాలు తప్పదు. ఈ ముక్కలు జీన్ నుంచి జీన్‌కి తిరగగలిగింది ఇందుకే.

ఇక్కడ కాస్త ఆగండి, ఎక్కువమంది పడేది ఇక్కడే. ఎన్సెంబుల్ పేజీలో ఫేజ్ 1 అంటే, ముందు ఎక్సాన్‌లో ఒక అక్షరం అయిపోయిందని. జీఎఫ్ఎఫ్ ఫైల్లో (జీన్ భాగాలు ఎక్కడున్నాయో రాసిన టెక్స్ట్ ఫైలు) ఫేజ్ అంటే వేరే: తర్వాతి కోడాన్ దొరకాలంటే ఇంకా ఎన్ని అక్షరాలు వదలాలీ అని. కాబట్టి ఇక్కడి 1 అక్కడ 2. ఇక్కడి 2 అక్కడ 1. సున్నా సున్నానే. ప్రోక్‌ని ఫైల్లోంచీ, ఎఫ్9ని పేజీలోంచీ తీశారనుకోండి, ఒకటి 2 అంటుంది, ఇంకోటి 1 అంటుంది. చుట్టరికం లేదని రాసేస్తారు. తప్పు! పైగా ఈజీఎఫ్ రెండు వైపులా 2, 2 అని వస్తుంది, బాగానే ఉన్నట్టుంటుంది, అనుమానం కూడా రాదు.

అందుకని నేనైతే ఎక్సెల్‌లో సరిచూస్తా. కోడింగ్ పొడవు కూడుకుంటూ పోవడం, మాడ్ ఫార్ములాతో మూడుతో భాగిస్తే శేషమే ఫేజ్. ప్రోక్: 70, 237, 262, 400, 535, 678, 796. శేషాలు 1, 0, 1, 1, 1, 0, 1. ఎఫ్9: 88, 252, 277, 391, 520, 723, 838. శేషాలు? 1, 0, 1, 1, 1, 0, 1. ఏడుకి ఏడూ! ప్రోక్ రెండో ఎక్సాన్‌లో టేబుల్ చూపే పొడవు వేసేయకండి, ముందున్న కోడ్ కాని భాగం తీసేసి 70 వేయండి.

పొడవులు మారాయి, కీళ్లు మారలేదు. ఒకటి గడ్డకట్టిస్తుంది, ఒకటి ఆపుతుంది, అచ్చు మాత్రం ఒకటే. ఎఫ్7, ఎఫ్10 కూడా ఈ ఇంటివే. రెండు ప్రోటీన్లూ 461 అమైనో ఆమ్లాలే కదా, అదే రుజువు అనకండి, అది కాకతాళీయం.

ప్రోథ్రాంబిన్, ఎఫ్2 తెరవండి. గ్లా వరకూ ఇదే దారి, ఆ తర్వాత ఈజీఎఫ్ బదులు క్రింగిల్ అనే వేరే రకం ముక్కలు. ఇక ప్రోటీన్ సీని యాక్టివ్ చేయించే థ్రాంబోమాడ్యులిన్ జీన్‌లో ఈజీఎఫ్ ఆరున్నా ఇంట్రాన్ ఒక్కటీ లేదు. బొబ్బిలి వీణలాగా ఏకాండి. దానికి ఈ ఫేజ్ టేబుల్ పనికిరాదు, ప్రోటీన్ వరుసలే పక్కపక్కన పెట్టి పోల్చాలి.