గులాబీ వాసన, తీపి తగువు

మరిది: నమస్కారం. సువాసనలు గుప్పుమనే ఫ్రెంచి తెల్ల వైన్‌ను రుచి చూసి అంచనా వేయడం ఎలాగో ఈ వారం చెబుతామన్నాం. ఫ్రాన్స్‌లోని అల్సాస్ ప్రాంతపు గెవుర్జ్‌ట్రమినర్ తెరిచాను, అది ద్రాక్ష రకం పేరు.

వదిన: ఫ్రిజ్‌లోంచి ఎప్పుడు తీశావు?

మరిది: మొదలుపెట్టారా! చాలాసేపయింది వదినా.

వదిన: మరీ చల్లగా ఉంటే ముక్కుకు ఏమీ అందదు. 10 డిగ్రీల దగ్గర ఉండాలి. ఎన్నిసార్లయినా చెబుతాను.

మరిది: రంగు చూడండి, బంగారు ఛాయ. ఈ ద్రాక్ష తొక్క గులాబీ రంగు కదా. వాసన... లిచీ, గులాబీ. తియ్యని వైన్.

వదిన: ఆగు. నోట్లో పోసుకోకుండానే తీపని ఎలా అన్నావు?

మరిది: వాసనే చెబుతోందిగా.

వదిన: తీపి నాలుక తేల్చాలి. లిచీలోనూ ఈ వైన్‌లోనూ రోజ్ ఆక్సైడ్ అనే వాసన పదార్థం ఉంటుంది. ఆ వాసనకు మనకు పండు గుర్తొస్తుంది, అంతే. చక్కెరంతా ఆల్కహాల్‌గా మారినా వాసన పోదు.

మరిది: సంక్రాంతికి తాగింది తియ్యగానే ఉందిగా? మీరే ఆ అరిసెలతో...

వదిన: అరిసెల మాట ఎత్తకు! అది వాండాంజ్ టార్డివ్. పండు బాగా మగ్గాక ఆలస్యంగా కోస్తారు, చక్కెర మిగులుతుంది. మామూలు సీసాలకైతే 2021 పంట నుంచి తీపి ఎంతో లేబుల్ మీదే రాయాలి. చదువు.

మరిది: సెక్.

వదిన: సెక్ అంటే తీపి లేనిదని. ఇప్పుడు తాగు. గ్లాసు కాడ పట్టుకో, పైన గిన్నె భాగం పట్టుకుంటే వైన్ వేడెక్కుతుంది.

మరిది: చివర్లో చిరుచేదు. కానీ పులుపు తక్కువ, ఆల్కహాల్ 14 శాతం. నోటికి నిండుగా, తియ్యగానే తోస్తోంది. తాగేవాడికి తోచిందే రుచి కదా?

వదిన: కాదు! అల్సాస్‌లోని కోల్మార్ ఊరి చుట్టుపక్కల వానను వోజ్ కొండలు ఆపేస్తాయి. ఆ ఎండకు ఈ పండులో చక్కెర ఇట్టే పెరుగుతుంది, పులుపు ఇట్టే పడిపోతుంది. తొందరపడి కోస్తే పరిమళం రాదు, ఆగితే పులుపు మిగలదు. సరైన రోజు చూసి కోసి, చక్కెర మిగలకుండా పులియబెట్టిన రైతు పనిని ‘తియ్యగా ఉంది’ అని ఒక్క మాటతో తేల్చేస్తే నాకు బాధగా ఉంటుంది.

మరిది: ...సరే వదినా. అంత దూరం ఆలోచించలేదు.

వదిన: కోప్పడలేదులే.

మరిది: శ్రోతలకు వరుస చెప్పేస్తాను. రంగు, వాసన, రుచి, మింగాక ఎంతసేపు నిలిచింది. ఇందులో గులాబీ ఇంకా పోలేదు.

వదిన: మున్‌స్టర్ చీజ్ తెచ్చావా? అదీ వోజ్ కొండలదే.

మరిది: తెచ్చాను. ఆ ఘాటుకు పిల్లలు వంటగదిలోకి రావడం లేదు.

వదిన: ఇటివ్వు, నేను కోస్తాను.