పదో తరగతి తర్వాత ట్రిపుల్ ఐటీ: సీటొస్తే చేర్చాలా?

నమస్తే అండీ. పదో తరగతి ఫలితాలు వచ్చాయంటే చాలు, నన్నడిగే ప్రశ్న ఒకటే: "అన్నా, పిల్లని ట్రిపుల్ ఐటీలో వేయమంటావా?" ఏ ట్రిపుల్ ఐటీ అని ఎదురడిగితే సగం మంది తెల్లమొహం వేస్తారు. గచ్చిబౌలిలో ఉన్నది వేరండీ. అందులో బీటెక్‌కి ఇంటర్ అయ్యాక వెళ్తారు. మనం చెప్పుకునేది ఆర్జీయూకేటీ, అంటే రాజీవ్ గాంధీ యూనివర్సిటీ ఆఫ్ నాలెడ్జ్ టెక్నాలజీస్ గురించి. దీని క్యాంపస్‌లనే జనం ట్రిపుల్ ఐటీలంటారు. 2008లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం నూజివీడు, ఇడుపులపాయ, బాసరల్లో పెట్టిన యూనివర్సిటీ. విభజనతో బాసర తెలంగాణకు వెళ్లింది. ఆంధ్రలో తర్వాత ఒంగోలు, శ్రీకాకుళం చేరాయి.

ఇందులో నాకు బాగా నచ్చింది, ఎంట్రన్స్ లేకపోవడం. పదో తరగతి మార్కులే చూస్తారు. పైగా సర్కారు బడి పిల్లలకు కొంత కలుపుతారు. గ్రేడ్ పాయింట్లున్న రోజుల్లో అది 0.4. వినడానికి చిన్న అంకె. కానీ కోచింగ్ మొహం చూడని జడ్పీ స్కూలు పిల్లలు ఎందరో ఆ 0.4తోనే గట్టెక్కారు. కంప్యూటర్ సైన్స్‌లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న మన రాజ్ రెడ్డి గారు దీనికి ఛాన్స్‌లర్‌గా చేశారు. పల్లెటూరి పిల్లల చేతికి లాప్‌టాప్ ఇచ్చి చదివించాలన్నది అప్పటి ఆలోచన.

కోర్సు ఆరేళ్లు. మొదటి రెండేళ్లు పీయూసీ, అంటే మన ఇంటర్ లాంటిదే. తర్వాత నాలుగేళ్లు బీటెక్.

చాలామంది బోల్తా పడేది ఇక్కడే. సీటొచ్చిందంటే కంప్యూటర్స్ వచ్చేసినట్టు కాదు! బ్రాంచ్ ఇచ్చేది పీయూసీ మార్కులను బట్టి. అక్కడికొచ్చే వాళ్లంతా వాళ్ల వాళ్ల బడుల్లో ఫస్టులే. ఊళ్లో ఫస్టొచ్చిన పిల్ల మొదటి సెమిస్టర్లో ఎక్కడో మధ్యలో తేలుతుంది. ఆ దెబ్బకు తట్టుకుని మళ్లీ లేచి చదివితేనే సీఎస్ఈ. లేదంటే వచ్చిన బ్రాంచ్‌తో సర్దుకోవాలి. ఈ మాట చేర్చకముందే పిల్లలకు చెప్పండి. పీయూసీతో ఆపేసి బయటికొచ్చే దారి కూడా ఉంది, అదేం నామోషీ కాదు.

ఇంకో సంగతి. పదిహేనేళ్ల పిల్లలు హాస్టల్లో ఆరేళ్లు ఉండాలి. మా మేనకోడల్ని నూజివీడులో దించడానికి నేనే వెళ్లాను. ట్రంకు పెట్టె, బకెట్టు, తాళం కప్ప, అన్నీ సర్దాం. మా అక్క ఆవకాయ సీసాను తువ్వాల్లో చుట్టి పెట్టె అడుగున దాచింది. పిల్ల గేటు లోపలికెళ్లాక వెనక్కి తిరిగి చూడలేదు. మా అక్క మాత్రం బస్సెక్కే దాకా కొంగు నోటికి అడ్డం పెట్టుకునే ఉంది. నాలుగో రోజు ఫోనొచ్చింది. బెంగ పెట్టుకుందేమో అనుకున్నాం.

"అమ్మా, ఆవకాయ అయిపోయింది. రూంలో అందరం తినేశాం. ఈసారి రెండు సీసాలు పంపు."