అవ్వా, కొన్ని మంచినీళ్లు ఇస్తావా?

[దృశ్యం: హన్మకొండలో ఒక పాత పెంకుటిల్లు. గేటు బయట బియ్యం సంచి, దుప్పటి పట్టుకున్న నలుగురు.]

వందనాలండీ. ఏటా డిసెంబర్‌లో మా యూత్ వాళ్లం ఈ గల్లీకి వచ్చేవాళ్లం. ఈ ఇంట్లో ఒక అవ్వ ఒక్కతే ఉంటుంది. ఐదు కిలోల బియ్యం, ఒక దుప్పటి ఇచ్చి, గేటు దగ్గరే ప్రార్థన చేసి, ఫోటో దిగి వెళ్లిపోయేవాళ్లం. ఒక ఏడు ఆమె నా చెయ్యి పట్టుకుని, "కూసో బిడ్డా, చాయ్ తాగి పో" అంది. "ఇంకా ఏడిండ్లు తిరగాలె అవ్వా" అన్నాను.

మరుసటి ఏడు సంచి తీసుకుంది. కూర్చోమని మాత్రం అనలేదు.

ఆ చాయ్ సంగతి నన్ను చాలా రోజులు బాధపెట్టింది. పింఛన్ మీద బతికే మనిషికి ఐదు కిలోల బియ్యం చిన్న సాయం కాదు. కానీ ఇంటికొచ్చిన వాళ్లకు తన చేత్తో ఏదైనా పెట్టాలని ఆమెకు ఆశ. ఆ ఆశను నేను గేటు దగ్గరే ఆపేశాను.

[దృశ్యం: బావి గట్టు, చాంతాడు, బొక్కెన. ఎండ.]

యోహాను సువార్త 4వ అధ్యాయం తీయండి. సమరయలో యాకోబు బావి. ఇంచుమించు మధ్యాహ్నం 12 గంటలు. యేసు నడిచి నడిచి అలసి కూర్చున్నాడు. ఒక స్త్రీ నీళ్లకు వచ్చింది. ఆమెకు ఐదుగురు భర్తలుండిరి, ఇప్పుడున్నవాడు భర్త కాడు. ఊళ్లో ఆమెను ఏమనేవారో అక్కడ రాయలేదు. మన ఊళ్లో అయితే ఏమంటారో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

యేసు ఆమెతో మొదట ఉపదేశం చెప్పలేదు. నీళ్లడిగాడు. చేదుకోవడానికి ఆయన దగ్గర ఏమీ లేదు, తాగితే ఆమె పాత్రతోనే తాగాలి. యూదులు సమరయులతో కలవని రోజులవి. ఎవరింట్లో నీళ్లు తాగుతారు, ఎవరింట్లో తాగరు అన్న లెక్క మన పల్లెలకు కొత్త కాదు కదా! అందుకే ఆ అడగడంలో ఎంత ప్రేమ ఉందో మనకు విడమర్చి చెప్పక్కర్లేదు. తర్వాత ఆ ఊరివాళ్లు వేడుకుంటే ఆయన అక్కడ రెండు రోజులు ఉన్నాడు. అంటే వాళ్ల అన్నం తిని ఉంటాడు, వాళ్ల గడప లోపలే నిద్రపోయి ఉంటాడు.

రోమా పత్రిక 15:7లో పౌలు క్రీస్తు మనల్ని చేర్చుకున్నట్టే ఒకరినొకరు చేర్చుకోమంటాడు. చేర్చుకోవడం అంటే ఇచ్చి రావడం ఒక్కటే అని నేను చాలా ఏళ్లు అనుకున్నాను.

[దృశ్యం: నిజామాబాద్ నుంచి డిచ్‌పల్లి రోడ్డు.]

కుష్ఠు వచ్చిందంటే సొంతవాళ్లే దూరం పెట్టిన కాలంలో, 1915లో, డిచ్‌పల్లిలో ఒక ఆస్పత్రి తెరుచుకుంది. స్కాట్లాండ్ నుంచి వచ్చిన డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్ దాన్ని నడిపారు. డబ్బిచ్చిన దాత రాజా నర్సాగౌడ్ హిందువు. అప్పటి మందు నూనె ఇంజక్షన్. ఎవరూ తాకని చేతిని పట్టుకోకుండా ఆ సూది వేయడం కుదరదు.

[దృశ్యం: ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ఆవరణ. వెనక వరుసలో ఇంకా కూర్చునే ఉన్న ఒకరు.]

ఇప్పుడు మన చర్చికే వద్దాం. "వందనాలు" అని చెయ్యి కలిపి ముందుకెళ్లిపోతాం. వెనక కూర్చున్న హాస్టల్ అబ్బాయి ఆదివారం మధ్యాహ్నం ఎక్కడ తింటాడో అడగం. జగిత్యాల, సిరిసిల్ల వైపు భర్త గల్ఫ్‌లో ఉన్న చెల్లెళ్లు ఎందరో. వాళ్లింటికి మగవాళ్లు ఒంటరిగా వెళితే మాటపడేది ఆమే. కాబట్టి అక్కలు వెళ్లండి, ఇద్దరు కలిసి వెళ్లండి.

వెళ్లినప్పుడు ఏదో ఒకటి అడగండి. సంక్రాంతి ముందు సకినాలు చుట్టడం నేర్పమనండి. పిండి చేత్తో తిప్పుతూ ఆమె మాట్లాడుతుంటే మీరు మధ్యలో వాక్యం చెప్పకండి. వినండి. వారానికి ఒకే రోజు, ఒకే వేళకు వెళ్లండి, రాలేకపోతే ఫోన్ చేసి చెప్పండి. ఎదురుచూసి ఎదురుచూసి నిరాశపడటం వాళ్లకు అలవాటే, మనం ఇంకోసారి అలా చేయొద్దు.

ఒక మాట గట్టిగా చెప్తాను. ఎదుటివాళ్ల ఒంటరితనాన్ని మతం మార్చే అవకాశంగా చూడకండి. రేపు చర్చికి రాకపోతే మానేసే ప్రేమ, ప్రేమ కాదు.

ఎవరైనా "బతకాలని లేదు" అంటే ప్రార్థన చేసి లేచి రాకండి. పక్కనే ఉండి టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ కలపండి. ఉచితం, రాత్రైనా పలుకుతారు. పెద్దవాళ్ల కోసం ఎల్డర్ లైన్ 14567 ఉంది.

[దృశ్యం: మళ్లీ అదే గేటు. ఈసారి ఒక్కరే, చేతిలో ఏమీ లేదు.]

పోయిన ఫిబ్రవరిలో ఒట్టి చేతులతో వెళ్లాను. పండగ కాదు, ఏమీ కాదు. "ఏంది బిడ్డా, ఏమన్న పంచుతున్రా?" అని అడిగింది. "లేదవ్వా, దూపయితుంది, కొన్ని మంచినీళ్లు ఇస్తావా?" అన్నాను. కాసేపు నన్నే చూసింది. లోపలి నుంచి కుర్చీ తెచ్చి, చీర కొంగుతో తుడిచి వేసింది. నీళ్లు ఇచ్చింది. ఖాళీ గ్లాసు తీసుకుని వంటింట్లోకి వెళ్లి, అక్కడి నుంచే అడిగింది.

"చాయ్‌ల చక్కెర ఎంతెయ్యాలె?"