హికెన్‌లూపర్ తాగిన నీళ్లు

అందరికీ నమస్కారం. జియాలజీ పిల్లలు ముందు వరుసల్లోనే కూర్చున్నారు కాబట్టి, ఉద్యోగం ఊడిన ఓ అమెరికా జియాలజిస్టు సంగతి చెప్తాను. పేరు జాన్ హికెన్‌లూపర్. 1980లో జియాలజీలో మాస్టర్స్ చేసి, ఆయిల్ కంపెనీ కొలువు మీద కొలరాడో వెళ్లారు. 1986లో చమురు ధర కుప్పకూలింది, ఆయన ఉద్యోగం కూడా పోయింది. రెండేళ్లకి డెన్వర్‌లో పాడుబడ్డ గోడౌన్ల పేటలో, చదరపు అడుగుకి ఏడాదికి డాలరు అద్దెతో, మరికొందరితో కలిసి బీరు కాచి అమ్మే పబ్ పెట్టారు. అది బాగా నడిచింది. 2003లో మేయరయ్యారు. 2011 నుంచి 2019 దాకా గవర్నర్. అక్కడ గవర్నరంటే మన రాజ్‌భవన్ గవర్నర్ కాదు, ముఖ్యమంత్రి లెక్క.

ఆయన తాగిన రెండు గుక్కల గురించి మాట్లాడుకుందాం. ఫ్రాకింగ్ అంటే నీళ్లూ రసాయనాలూ కలిపిన ద్రవాన్ని గట్టి ఒత్తిడితో బావిలోకి పంపి, రాయిని పగలగొట్టి చమురు, గ్యాస్ తీయడం. ఆ ద్రవం తాగి చూశానని 2013లో సెనేట్ కమిటీ ముందు చెప్పారు. అది తినే సరుకుల్లో వాడే పదార్థాలతో ప్రత్యేకంగా చేసిన రకం, బావుల్లోకి పంపేదంతా అలాంటిది కాదు. 2015లో కొలరాడోలోనే మూతబడ్డ గోల్డ్ కింగ్ గని నుంచి 30 లక్షల గ్యాలన్ల మురికినీరు పడి అనిమాస్ నది పసుపు రంగుకి తిరిగింది. కొన్నాళ్లకి ఆయన ఆ నది ఒడ్డునున్న డురాంగో ఊరు వెళ్లి, నది నీళ్లు సీసాలో పట్టి, అయోడిన్ బిళ్ల వేసుకుని తాగేశారు.

గుక్కెడు తాగితే నీటి సంగతి తేలదని మీలో ఫస్టియర్ వాళ్లకీ తెలుసు. శాంపిళ్లు తీయాలి, సీసం, ఆర్సెనిక్ ఎంతుందో ల్యాబులో చూడాలి, అడుగున పేరుకున్న మట్టి రేపు వరదకి మళ్లీ లేస్తుందేమో కనిపెట్టాలి. ఆయనకి తెలియదా? తెలుసు. కాకపోతే డురాంగోకి టూరిస్టులు కావాలి. అక్కడ తాగింది జియాలజిస్టు కాదు, రాజకీయ నాయకుడు.

జియాలజిస్టు పని చేసింది 2014లో. కంపెనీలనీ పర్యావరణ సంస్థనీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టి, చమురు, గ్యాస్ బావుల నుంచి లీకయ్యే మీథేన్ మీద అమెరికాలో ఏ రాష్ట్రమూ అప్పటికి పెట్టని నిబంధనలు పెట్టించారు. కెమెరాలతో లీకులు వెతకాలి, దొరికితే బాగుచెయ్యాలి. అదే ఏడాది మన కోనసీమలో నగరం అనే ఊళ్లో గ్యాస్ పైప్‌లైన్ పేలింది, లీకు విలువ మీకు వేరే చెప్పక్కర్లేదు.

అలాగని ఆయన్ని నెత్తిన పెట్టుకోను. కొలరాడోలోని లాంగ్‌మాంట్ ఊరివాళ్లు ఓటేసి ఫ్రాకింగ్ వద్దనుకుంటే, ఆయన ప్రభుత్వం కోర్టులో ఆ ఊరివాళ్లకి ఎదురు నిలిచింది. 2016లో ఆ నిషేధం కొట్టేశారు. 2020లో ఆయన సెనేటర్‌గా గెలిచారు. లాంగ్‌మాంట్ విషయంలో నాతో విభేదించేవాళ్లుంటే ముందు వాళ్లకే మైకు ఇవ్వండి.