ఆర్డర్లు పెరిగాయి, డెలివరీలు ఆలస్యమవుతున్నాయి: వ్యాపార సలహాల ఫోన్-ఇన్ కార్యక్రమం

వ్యాఖ్యాత: నమస్కారం. మొదటి శ్రోత లైన్‌లో ఉన్నారు. చెప్పండి.

శ్రోత: నమస్కారమండీ. నేను ఆర్డరు మీద ఫర్నిచర్ తయారుచేసే సంస్థను నడుపుతున్నాను. ఈ ఏడాది అమ్మకాలు ఒకటిన్నర రెట్లు కావాలని సిబ్బంది అందరికీ చెప్పాను. ఆర్డర్లు వస్తున్నాయి గానీ, సరుకు సమయానికి వెళ్లడం లేదు. సేల్స్ వాళ్లు, వర్క్‌షాప్ వాళ్లు ఒకరినొకరు తప్పుపడుతున్నారు.

నిపుణురాలు: ఇన్సెంటివ్ ఎవరికి, దేనికి ఇస్తున్నారు?

శ్రోత: సేల్స్ వాళ్లకు తెచ్చిన ఆర్డర్లను బట్టి, సూపర్‌వైజర్‌కు కలప వృథా తగ్గించినందుకు ఇస్తున్నాను.

నిపుణురాలు: అయితే ఇద్దరూ మీరు కోరినట్టే చేస్తున్నారండీ. ఆర్డరు రాయించుకోగానే సేల్స్ మనిషి పని ముగుస్తుంది. ఒకే రకం కోతలన్నీ కలిపి కోస్తే కలప మిగులుతుంది కాబట్టి, అలాంటి ఆర్డర్లు పోగయ్యేదాకా సూపర్‌వైజర్ ఆగుతారు. మీరు ప్రకటించిన లక్ష్యానికీ, వాళ్ల చేతికి డబ్బు వచ్చే లెక్కకూ పొంతన లేదు. ఇప్పుడు పూర్తికాని ఆర్డర్లు ఎన్ని ఉన్నాయి?

శ్రోత: సుమారు 60. రోజుకు 4 బయటికి వెళ్తాయి. 10 రోజుల్లో ఇస్తామని మాట ఇస్తున్నాం.

నిపుణురాలు: 60ని 4తో భాగిస్తే 15 వస్తుంది. పనుల రాకపోకలు నిలకడగా ఉన్నచోట, లోపల ఉన్న పనుల సగటు సంఖ్యను రోజుకు పూర్తయ్యే సంఖ్యతో భాగిస్తే ఒక్కో పనికి పట్టే సగటు కాలం తెలుస్తుందని అమెరికన్ పరిశోధకుడు జాన్ లిటిల్ 1961లోనే నిరూపించారు. 10 రోజుల మాట నిలబడాలంటే లోపల 40 ఆర్డర్లకు మించకూడదు, లేదా రోజుకు 6 పూర్తి కావాలి. సిబ్బందిని ఎంత గదమాయించినా ఈ లెక్క మారదు.

శ్రోత: మరో నలుగురు వడ్రంగులను తీసుకోమంటారా?

నిపుణురాలు: తొందరపడకండి. ముందు ఒక జాబ్ కార్డు, అంటే ఆర్డరుతో పాటు ఒక్కో చోటికీ వెళ్లే పని చీటీ, పట్టుకుని, అది వెళ్లిన ప్రతి చోటికీ మీరూ వెళ్లండి. నేను చూసిన ఒక చోట, డ్రాయింగ్ మీద యజమాని సంతకం కోసం కార్డు మూడు రోజులు బల్ల మీదే ఉండిపోయింది.

శ్రోత: మా దగ్గరా నేనే సంతకం పెట్టాలండీ. నేను ఊళ్లో లేకపోతే అన్నీ ఆగుతాయి.

నిపుణురాలు: మొదట మార్చవలసింది అదే. పాత నమూనాలకు సంతకం చేసే అధికారాన్ని సూపర్‌వైజర్‌కు అప్పగించి, కొత్తవాటిని మాత్రమే మీరు చూడండి. అప్పుడు రద్దీ పాలిష్ దగ్గరికి జరగవచ్చు. అదే జరిగితే వడ్రంగులను పెంచి ప్రయోజనం ఉండదు. ఇన్సెంటివ్‌ను, చెప్పిన తేదీకి అందిన ఆర్డర్లను బట్టి రెండు విభాగాలకూ ఉమ్మడిగా ఇవ్వండి. అయితే అదొక్కటే చూస్తే అందరూ దూరపు తేదీలు చెప్పడం మొదలుపెడతారు కాబట్టి, ఆర్డరుకు పట్టే సగటు రోజులను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

శ్రోత: రేపే కార్డు పట్టుకుని తిరుగుతానండీ.

నిపుణురాలు: సూపర్‌వైజర్‌నూ, ఒక సేల్స్ మనిషినీ వెంట తీసుకెళ్లండి. ప్రతి బల్ల దగ్గరా కార్డు వచ్చిన గంట, కదిలిన గంట దాని వెనకే రాయించండి.