ముందు చేతిలెక్క, తర్వాతే సిమ్యులేటర్

అందరికీ నమస్కారం.

అనలాగ్ సర్క్యూట్ల డిజైన్ అంటే మీలో చాలామందికి టెన్షన్ అని తెలుసు. ట్రాన్సిస్టర్‌లో పారే ప్రతి మైక్రోఆంపియర్‌కూ ఇక్కడ లెక్క చెప్పాలి. ఆ లెక్క చేతితో వేశాకే, సర్క్యూట్‌ను కంప్యూటర్‌లో నడిపి చూపే సిమ్యులేటర్ తెరవండని అడగడానికి వచ్చాను.

ఒక్క కామన్ ఎమిటర్ యాంప్లిఫయర్ తీసుకుందాం. 10 వోల్టుల సప్లై, 1 మిల్లీఆంపియర్ కలెక్టర్ కరెంటు, 5 కిలోఓముల రెసిస్టర్. కరెంటును 26 మిల్లీవోల్టుల థర్మల్ వోల్టేజీతో భాగిస్తే ట్రాన్స్‌కండక్టెన్స్, అంటే ఇన్‌పుట్ వోల్టేజీ కాస్త మారితే కరెంటు ఎంత మారుతుందో, వస్తుంది. దాన్ని రెసిస్టర్‌తో గుణిస్తే గెయిన్, అంటే సిగ్నల్ ఎన్ని రెట్లు పెరుగుతుందో, సుమారు 190. పరీక్షకు ఇది చాలు. కానీ ఆ గుణకారాన్ని మళ్లీ చూడండి. కరెంటు ఇంటూ రెసిస్టర్ అంటే రెసిస్టర్ మీద పడే 5 వోల్టులే కదా! వాటిని 26 మిల్లీవోల్టులతో భాగిస్తే వచ్చేదే గెయిన్. కరెంటు రెట్టింపు చేసి రెసిస్టర్ సగం చేసినా అది కదలదు. ఇంకా కావాలంటే సప్లై పెంచాలి, లేదా రెసిస్టర్ తీసేసి ఇంకో ట్రాన్సిస్టర్‌ను కరెంట్ సోర్స్‌గా పెట్టాలి. యాక్టివ్ లోడ్ అవసరం ఇక్కడే తెలుస్తుంది. సిమ్యులేటర్ 190 అని చూపిస్తుంది గానీ ఈ సంగతి చెప్పదు. మాస్‌ఫెట్ అనే మరో రకం ట్రాన్సిస్టర్‌లో 26 మిల్లీవోల్టుల చోట ఓవర్‌డ్రైవ్ వోల్టేజీలో (అది ఆన్ అవడానికి కావలసిన దానికన్నా గేట్‌కు ఎక్కువ ఇచ్చిన వోల్టేజీలో) సగం వస్తుంది, ఆలోచన మాత్రం ఇదే.

ఇక బయాస్, అంటే సిగ్నల్ లేనప్పుడు ట్రాన్సిస్టర్‌లో పారే కరెంటును నిలబెట్టడం. బేస్‌కు స్థిరమైన వోల్టేజీ ఇచ్చేస్తే సరిపోతుందని అనిపిస్తుంది. కానీ బేస్-ఎమిటర్ వోల్టేజీ 18 మిల్లీవోల్టులు పెరిగితే చాలు, కరెంటు రెట్టింపవుతుంది. పైగా అదే కరెంటుకు కావలసిన వోల్టేజీ డిగ్రీకి దాదాపు 2 మిల్లీవోల్టుల చొప్పున తగ్గుతూ పోతుంది. పది డిగ్రీలు వేడెక్కేసరికి మన 1 మిల్లీఆంపియర్ రెండు దాటుతుంది, ట్రాన్సిస్టర్ సాచురేషన్‌లో పడుతుంది, అంటే కలెక్టర్ వోల్టేజీ అడుగంటి ఇక సిగ్నల్‌ను పెంచలేదు. బ్రెడ్‌బోర్డు మీద ట్రాన్సిస్టర్‌ను వేళ్లతో పట్టుకుని మీటర్ చూడండి, అంకెలు కదులుతాయి.

1960ల్లో అనలాగ్ చిప్‌లు డిజైన్ చేసిన బాబ్ విడ్లర్ గొప్పతనం ఇక్కడే కనిపిస్తుంది. చిప్ మీద రెసిస్టర్ విలువ 20 శాతం అటూఇటూ కావచ్చు. పక్కపక్కన ఉన్న రెండు ట్రాన్సిస్టర్లు మాత్రం దాదాపు ఒకేలా ఉంటాయి, ఒకేలా వేడెక్కుతాయి. విలువలను కాకుండా ఈ పోలికను నమ్ముకుని ఆయన డిజైన్ చేశాడు. 1965లో వచ్చిన 709 ఆప్-ఆంప్ (రెండు ఇన్‌పుట్‌ల తేడాను ఎన్నో రెట్లు పెంచే యాంప్లిఫయర్ చిప్) అలాంటిదే.

1970ల మొదట్లో బర్క్‌లీలో పుట్టిన స్పైస్ అనే సిమ్యులేటర్ లేకుండా నేడు ఏ చిప్పూ తయారవదు, దాన్ని మానేయమనడం లేదు. చేతిలెక్కకూ దానికీ 20 శాతం తేడా వస్తే కంగారు పడకండి. పది రెట్లు వస్తే మాత్రం ఆగి కారణం వెతకండి.

ఇంటికెళ్లాక 741 ఆప్-ఆంప్ లోపలి సర్క్యూట్ తీయండి. 1968 నాటిది. ముందు కరెంట్ మిర్రర్లు (ఒక కొమ్మలోని కరెంటును మరో కొమ్మలో కాపీ చేసే ట్రాన్సిస్టర్ జతలు) గుర్తుపట్టి ఒక్కో కొమ్మలో కరెంటు రాసుకోండి. మొదటి స్టేజీలో పారే సుమారు 20 మైక్రోఆంపియర్లను 30 పికోఫారడ్ల కెపాసిటర్‌తో భాగించండి. డేటాషీట్‌లో ఉన్న స్లూ రేట్ (అవుట్‌పుట్ వోల్టేజీ మారగల గరిష్ఠ వేగం), మైక్రోసెకనుకు 0.5 వోల్టు, దాదాపుగా మీ కాగితం మీదే తేలుతుంది.